సద్దులేని తావులు

నగరమును చూచుట వేరు, నగరములోని కట్టడములను చూచుట వేరు. ఈ భేదము మాకు చిరకాలము తెలియలేదు. తెలిసినది కూడ గ్రంథములవలన కాదు. ఒక విద్యార్థి యడిగిన చిన్న ప్రశ్నవలన.

మేము మెదకు జిల్లాలోని చేగుంటలో తెలుగును, చరిత్రమును బోధించుచున్న యుపాధ్యాయులము. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు రాజమార్గము మా యూరిమీదుగా పోవును. వడియారము రైలుస్టేషను చేరువనే యున్నది. మావైపు పల్లెలనుండి నగరమునకు పోవువారు రెండు తెగలవారు: కూలికి పోవువారు, చూడబోవువారు. మొదటివారు నగరమును కట్టుదురు. రెండవవారు కట్టినదానిని చూచి వత్తురు. పాఠశాల పిల్లలను మేము సంవత్సరమున కొకసారి ఈ రెండవ తెగలో చేర్చి తీసికొనిపోవుదుము. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు ప్రదర్శనశాల, జంతుశాల. సాయంకాలమున హుస్సేన్‌సాగరము గట్టుపై తలకొక మొక్కజొన్న పొత్తు. రాత్రికి మరల ఊరు. మరునాడు వ్యాసము వ్రాయుమందుము. ముప్పదిమంది వ్రాసిన ముప్పది వ్యాసములును ఒకే వ్యాసముగా నుండును. అందు రాజు పేరు, కట్టిన సంవత్సరము, మినారుల యెత్తు తప్పులేకుండ నుండును. మనుష్యుడు మాత్రము కనబడడు.

కొన్నేండ్ల క్రిందట చార్మినారు నీడలో నిలిచి, 1591లో మహమ్మదు కులీ కుతుబుషాహు దీనిని కట్టించెనని మేము చెప్పుచుండగా, ఎనిమిదవ తరగతి బాలుడొకడు, "సార్, గిది కట్టినోళ్ల పేర్లు యాడ రాసిన్రు?" అని యడిగెను. మేము మరల కులీ కుతుబుషాహు పేరే చెప్పితిమి. "కట్టిచ్చినోళ్లయి కాదు సార్, కట్టినోళ్లయి" అని వాడు మమ్ము సవరించెను. వాని తండ్రి నగరమున ఇండ్లు కట్టుచోట తట్టలు మోయు కూలివాడని మాకు తరువాత తెలిసినది. కట్టుట, కట్టించుట అను రెండు క్రియలకు గల భేదమును వ్యాకరణపాఠమున ప్రేరణార్థకమని ఎన్నిమార్లో బోధించినవారము. చరిత్రపాఠమున ఆ భేదమును ఒక్కనాడును పాటింపలేదు. మేము నిరుత్తరులమైతిమి.

ఆ ప్రశ్న చార్మినారునకు మాత్రమే చెందినది కాదు. మా మెదకు చర్చి పది సంవత్సరముల నిర్మాణానంతరము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రారంభమయ్యెను. దానిని కట్టించిన పోస్నెట్ దొరగారి పేరు మా జిల్లాలో పసివాడైనను చెప్పును. కరవుకాలమున గుప్పెడు గింజలకొరకు ఆ రాళ్లు మోసినవారి పేర్లు చెప్పగలవా రెవ్వరు? సద్దుగల చోట్లన్నియు ఇట్టివే. అచ్చట టిక్కెట్టు కలదు, పలక కలదు, పలకపై ప్రభువు పేరు కలదు. ఆ పేరు చదివి జనులు తిరిగివత్తురు.

ఇట్టి చింతయే ఇంగ్లండు దేశమున నొక చిత్రకారునకు కలిగెను. జార్జి ఫ్రెడరిక్ వాట్స్ అను నాతడు 1887లో, విక్టోరియా రాణి పరిపాలనకు ఏబది సంవత్సరములు నిండిన సందర్భమున, టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసి, పరులను కాపాడబోయి ప్రాణములు విడిచిన సామాన్యుల పేర్లతో నొక స్మారకమును నిర్మింపవలెనని కోరెను. అప్పటికి చెవియొగ్గినవారు లేరు. పదుమూడేండ్ల పిదప, 1900లో, లండనునందలి సెయింటుపాల్ మహాదేవాలయమునకు అనతిదూరమున, పూర్వము సమాధులతోటయై యుండిన చిన్న ఉద్యానమున ఆ స్మారకము వెలసినది. పొరుగుననున్న పెద్ద తపాలా కచేరీ యుద్యోగులు విరామవేళ వచ్చి కూర్చుండెడివారు గనుక దానికి పోస్ట్‌మన్స్ పార్కు అని పేరు వచ్చెను. అచ్చట ఒక పంచపాళి గోడపై నేడు 54 పింగాణి పలకలు కలవు. అందొకదానిపై ఆలిస్ ఐర్స్ అను పడుచు పేరున్నది. ఆమె కూలివాని కూతురు. 1885లో తానున్న యిల్లు తగులబడగా కిటికీనుండి పరుపు క్రిందికి విసరి, మంటలలోనికి మరల మరల పోయి ముగ్గురు పిల్లలను ఒక్కొక్కరినే దానిపైకి దింపి రక్షించెను, తానుమాత్రము బ్రదుకలేదు.

సెయింటుపాల్ గుమ్మటమును చూచుటకు లోకమంతయు పోవును; ఈ తోటకు పోవువారు కొలదిమంది. లండనును మేము కన్నులార చూడలేదు. చూచు భాగ్యము కలిగినచో మొదట ఆ తోటకే పోవుదుము. కాని దాని వృత్తాంతము చదివిన దినమున మాకు కలిగిన యాలోచన వేరు. హైదరాబాదున అట్టి తావులు లేవా? ఉన్నచో మేమేల పిల్లల కెన్నడును చూపలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు రెండు సంవత్సరములు సెలవుదినములందు, బండి దొరికినప్పుడెల్ల, నగరమునకు పోయి ఒంటరిగా తిరిగితిమి. మాకు కనబడిన ఐదారు తావులను గూర్చి చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసము నుద్దేశము.

మొదట చెప్పవలసినది ఒక చెట్టు. మూసీనది యొడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున, అఫ్జల్ పార్కు అని పిలువబడు చోట, ముదుసలి చింతచెట్టొకటి కలదు. రోగుల బంధువులు దాని నీడను అన్నపు గిన్నెలు విప్పుకొందురు, తడిబట్టలు ఆరవేసికొందురు. అది యేమి చెట్టో వారిలో పెక్కుమందికి తెలియదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి మహోగ్రమైన వరద వచ్చెను. వాన యొక్కటే కారణము కాదు. ఎగువనున్న చెరువులు ఒకదాని వెనుక నొకటి తెగి, వానినీరంతయు నదిలో పడెను. వంతెనలు దెబ్బతినెను, ఇబ్రహీము కుతుబుషాహు కాలమున 1578లో కట్టిన పురానాపూల్ నిలిచినది. పదునైదువేలమంది మరణించిరని సాధారణముగా చెప్పుదురు. ఆ దినమున ఈ చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి.

వరద తరువాతి కథ పాఠ్యపుస్తకములలో నున్నది. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. ఆయన సలహా ననుసరించి మీది పట్టున జలాశయములు కట్టబడెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. ఆ సాగరములను చూడబోవువారు వేలు. ఈ చెట్టును చూడబోవువారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. చెట్టెక్కి బ్రదికినవారి పేర్లు వ్రాసిన పలక అచ్చట లేదు. వారిలో ఏ కులమువా రెందరో, ఏ మతమువా రెందరో ఎవ్వరును లెక్కపెట్టలేదు. కొమ్మ దొరికినవాడు ప్రక్కవానికి చేయి యందించి యుండును. ఆ చేయి యెవరిదని అడుగుటకు వరద తీరిక నిచ్చి యుండదు.

ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ అను ఉర్దూకవి తన తల్లిని, భార్యను, కూతురిని గోల్పోయి, తానొక్కడు మాత్రము మిగిలెను. పిదప ఆయన రుబాయీలు వ్రాసి కీర్తిగాంచెను, 1961లో మరణించెను. వరద గుర్తు మరియొక తావున కూడ నున్నది. చార్మినారుచుట్టు నుండు సందడికి కొలదిదూరముననే, పత్తర్‌గట్టి చేరువ, బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కలదు. కులీ కుతుబుషాహు దానిని కట్టించెను. గోడలకు పొదిగిన రంగుపింగాణి పలకలు 1611 నాటివి. ఆ పలకలను అడుగుభాగమున పరికించి చూచినచో పనితనము మారినట్లు కనబడును. 1908 వరద నీటికి క్రింది పలకలు చెడగా, వానిచోట వన్నెలు పూసి ఆ పోలిక తెచ్చిరి. పైన పదునేడవ శతాబ్దము, క్రింద వరద. చార్మినారును చూచి మరలు జనసమూహములో ఈ గోడను చూచువారు ఎందరు?

ఇక రెండవది ఒక పరదేశి సమాధి. మలకుపేట దాటి పోవుచుండగా మూసారాంబాగు అను పేట వచ్చును. ఈ పేరు విని ఎవరో రామభక్తుడు వేసిన తోట యని మేము బాల్యమున తలచితిమి. రాముడు కాడు, రేమాన్. ఫ్రాన్సు దేశములోని గాస్కనీ ప్రాంతమున 1755లో పుట్టిన మిషెల్ రేమాన్ అను సైనికుడు నిజాం అలీఖాను కొలువున చేరి, పటాలములను తీర్చి, ఫిరంగులను పోతపోయించెను. గన్‌ఫౌండ్రీ యని నేటికిని పిలువబడు చోటు ఆ పోతశాలయే. "మొస్యో రేమాన్" అను పలుకు మనవారి నోట తిరుగక, ముసల్మానులు ఆయనను మూసా రహీమనిరి; హిందువులు మూసా రామనిరి. ఎవరి దేవుని పేరు వా రాయనకు పెట్టుకొనిరి.

ఆయన 1798 మార్చి 25న మరణించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అక్టోబరులో ఆయన పెంచిన పటాలముచేత ఆయుధములు క్రింద పెట్టించిరి. హైదరాబాదున ఫ్రెంచివారి ప్రాబల్య మంతటితో సరి. రాజకీయముగా చూచినచో ఓడిన పక్షమువాడు. మత మన్యము, భాష యన్యము, దేశ మన్యము. అయినను ఆస్మాన్‌గఢ్ గుట్టపై నున్న ఆయన సమాధికడ ఇరువదవ శతాబ్దపు నాలుగవ దశకము దాక జనులు ఏటేట ఉర్సు చేసిరి, దీపములు పెట్టిరి. నల్లరాతి స్తంభముపై నున్న రెండక్షరములు తప్ప ఆయన నీ జనులకు పరిచయము చేయునది వేరొకటి లేదు. సమాధి కెదుట గ్రీకుల పద్ధతిని కట్టిన రాతిమంటప మొకటి యుండెను. 2001 అక్టోబరు వానలకు అది కూలెను; పిమ్మట మరల నిలిపిరి. కూలుటకు వాన కారణమని వ్రాసిరి. రెండువందల సంవత్సరముల వానలకు కూలని మంటపము ఒక్క వానకు కూలుట యెట్లు? చూచువాడు లేని కట్టడమునకు ప్రతి వానయు కడపటి వానయే కావచ్చును.

మూడవ తావు మౌలాలీ గుట్ట పాదమున నున్నది. మా బండి పోవు దారికి అది దూరము కాదు. అయినను అంతకుముందెన్నడును దిగి చూడలేదు. అచ్చట ఒక తోట. తోట నడుమ తల్లీకూతుండ్ర సమాధులు. తల్లి రాజ్ కున్వర్ బాయి. కూతురు మహలఖా బాయి చందా. తల్లికై కూతురు 1792లో ఈ సమాధిని కట్టించెను. 1824లో తాను పోగా ఆమెను తల్లి సరసనే పూడ్చిరి. మహలఖా బాయి నిజాముల కొలువున గాయని, నర్తకి, యుద్ధయాత్రలందు నిజాము వెంట నడచిన స్త్రీ, జాగీర్దారిణి. అన్నింటికంటె మిన్నగా, తన గజళ్లను దివానుగా కూర్చిన తొలి ఉర్దూ కవయిత్రులలో నొకతె. ఆమె కవితల వ్రాతప్రతి యొకటి నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నది. ఈ సమాధులు చిరకాలము ముండ్లపొదలలో పడియుండగా 2010, 2011 సంవత్సరములలో అమెరికా ప్రభుత్వ మిచ్చిన ధనముతో బాగుచేసిరి. మన యింటి దీపమునకు పొరుగువాడు చమురు పోసెను.

ఈ చోటున మాబోటి వారికి కొంత సంకోచము కలుగును. దానిని దాచుట న్యాయము కాదు. సంఘసంస్కరణమును కోరిన మన పెద్దలు భోగముమేళములను నిరసించిరి. స్త్రీని వినోదవస్తువుగా చేసిన యాచారము నిరసింపదగినదే. కాని ఆచారమును నిరసించు తొందరలో ఆ యాచారమునందు చిక్కిన స్త్రీల విద్యను, ప్రజ్ఞను కూడ చెరిపివేయ యత్నించితిమి. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటింపగా ఏమి జరిగెనో చదువరు లెరుగుదురు. ప్రభుత్వము నిషేధించెను, టంగుటూరి ప్రకాశముగారు మదరాసు ప్రధానమంత్రిగా నున్న కాలమున ఆ నిషేధము తొలగెను. ఒక గ్రంథము వెలుగు చూచుట కన్నేండ్లు పట్టినది. మహలఖా బాయి సమాధికడ మేము చాలసేపు కూర్చుంటిమి. తల్లికి గుడివలె సమాధి కట్టించిన కూతుళ్లను మన చరిత్రలో ఎందరిని చూపగలము? మా తరగతిలోని బాలికలకు ఈమె పేరు ఇంతకాలము చెప్పకపోవుట మా దోషము.

నాలుగవ తావు తెలుగువారిది. మా పాత మెదకు జిల్లాలోనిది. పటాన్‌చెరువు 2016 వరకు మా జిల్లాలోని యూరే. నగరము పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. నేడు పటాన్‌చెరువనగా కర్మాగారములు, లారీలు, 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనాలయము జ్ఞప్తికి వచ్చును. ఆ సందడినడుమ అమీనుఖాను సమాధి కలదు. ఈయన ఇబ్రహీము కుతుబుషాహు అధికారి. ఇబ్రహీము రాజగుటకు పూర్వము ఏడు సంవత్సరములు విజయనగరమున రామరాయల ఆశ్రయమున నుండి తెలుగు రుచి మరిగెను. మన కవులు ఆయనను మల్కిభరామునిగా చేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమిచ్చెను. ప్రభువు ననుసరించి అమీనుఖానును తెలుగు కవిని ఆదరించెను. పొన్నగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును ఆయనకు అంకితము చేసెను.

ఆ కావ్యము విశేష మేమనగా, అది తత్సమములు లేని తొలి యచ్చతెలుగు కావ్యము. సంస్కృతము చదివి, ఆ గౌరవముతోనే తెలుగు చెప్పుచు వచ్చినవారము గనుక ఈ మాట మాకు మరింత వింతగా తోచును. సంస్కృతపు మాట కలియని కేవల తెలుగున కావ్యము వ్రాయుట యను సాహసమునకు కృతిపతి ఒక తురుష్కాధికారి! భాష యెవరి సొత్తు, ఎవరు పరాయివారు అను తగవులు రేగినప్పుడు పటాన్‌చెరువునకు పోయి ఆ సమాధి యెదుట ఒక గడియ నిలుచుట మంచి యౌషధమని మా యభిప్రాయము. మా పిల్లలు యయాతిచరిత్రము పేరు పరీక్షకొరకు కంఠస్థము చేయుదురు. కృతిపతి తమ పొరుగుననే శయనించి యున్నాడని వారికి చెప్పినవారు లేరు.

అయిదవ తావు సమాధి కాదు; సజీవమైనది. సుల్తాను బజారు సందడి చదువరు లెరిగినదే. చీరలు, గాజులు, బేరముల కేకలు. ఆ బజారులోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన, ఆనాడు రెసిడెన్సీ బజారని పిలువబడిన ఆ చోట, కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మొదలైనవారు దీనిని స్థాపించిరి. నాటి నిజాము రాజ్యమున తెలుగు మాటలాడువారే యెక్కువ. కచేరీలో, బడిలో గౌరవము మాత్రము ఆ భాషకు లేదు. రంగారావుగారు 1910లో పరమపదింపగా, సొంత భవనము నిర్మించుటకు ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మగారు ధనసహాయము చేసిరి. ఆ భవనము 1921లో ప్రారంభమయ్యెను.

అదే సంవత్సరము నవంబరులో, అదే పరిసరముననున్న వివేకవర్ధిని పాఠశాలలో కార్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కరణసభ జరిగెను. ఆ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా కొందరు ఎగతాళిచేసి మాటలాడనీయలేదు. ఆ యవమానమునుండి ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టెను. అది పెరిగి 1930లో, మా ప్రాంతపు జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి నిజామాంధ్ర మహాసభయై నిలిచెను. అచ్చటనే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. ఇంతటి కదలికకు మూలమైనవి పెద్ద మైదానములు కావు. నలుగురు చదువుకొనుటకు బల్లలు వేసిన గదులు. మేము పోయిన దినమున ఆ భాషానిలయమున ఏడుగురు చదువరులుండిరి. విసనకర్ర తిరుగు చప్పుడు, పుట త్రిప్పు చప్పుడు తప్ప వేరు సద్దు లేదు. బయట బేరములు, లోపల పుటలు. మాకు ఆ గది చార్మినారుకంటె ఉన్నతముగా తోచెను.

ఈ తావులన్నియు తిరిగి వచ్చిన తరువాత మా కొకటి స్పష్టమైనది. నిశ్శబ్దము రెండు విధములు. శాంతివలన కలుగునది యొకటి. మరపువలన కలుగునది వేరొకటి. పైకి రెండును ఒక్కటిగనే కనబడును. భాషానిలయమున నున్నది మొదటిది. పొదలలో పడియున్ననాటి మహలఖా బాయి సమాధిపై నుండినది రెండవది. మొదటిదానిని మనము కాపాడవలెను, రెండవదానిని పోగొట్టవలెను. సద్దులేని తావులను గూర్చి వ్రాసినచో జనులు మూగి సద్దుచేయుదురని మిత్రులొకరు మమ్ము హెచ్చరించిరి. ఆ భయము మాకు లేదు. అచ్చటికి పోవు మనుష్యుడు కేకలు వేయుటకు పోడు. పది తరగతుల పిల్లలు ఏడాదికొక్క దినము పోయి, చెత్త యేరి, ఆ తావు కథను ఒకరికొకరు చెప్పుకొని వచ్చినచో శాంతి చెడదు. మరపు మాత్రము చెడును.

కావున ఉపాధ్యాయమిత్రులకు మా మనవి యొక్కటి. మీ విహారయాత్రలలో చార్మినారును, గోలకొండను మానవలదు. అవి చూడదగినవే. కాని పట్టికలో ఒక్క సద్దులేని తావును చేర్పుడు. దానికి టిక్కెట్టు ఖర్చు లేదు; వరుసలో నిలువ బనిలేదు. అచ్చట పిల్లలకు సంవత్సరములను వల్లెవేయింపక, ఒక్క ప్రశ్న నడుగుడు: ఈ చోట ఎవరుండిరి, వారి కెవరు చేయి యందించిరి?

నిరుడు మేము పిల్లలను ఆ చింతచెట్టుకడకు తీసికొనిపోయితిమి. చెప్పవలసినది పావుగంటలో ముగించి ఊరకుంటిమి. పిల్లలు చెట్టుచుట్టు తిరిగిరి. కొందరు మ్రానును తాకిరి. ఏ కొమ్మపై నెందరు పట్టుదురో యని ఇద్దరు లెక్కవేసిరి. ఆ నీడను కూర్చున్న యొక ముసలమ్మ, "ఏం చూస్తున్రు బిడ్డా?" అని యడుగగా ఒక బాలిక వరద కథనంతయు ఆమెకు చెప్పెను. ఆమె మనుమడు లోపల రోగియై యుండెను. కథ ముగియగానే ఆమె లేచి, తాను ఆరవేసిన చీరను ఆ కొమ్మనుండి తీసి మడచుకొని, చెట్టుకు చేతులు జోడించెను. మేము కోరినది అది కాదు. కాని కాదనుటకు మాకు నోరాడలేదు.

చార్మినారుకడ మమ్ము నిరుత్తరులను చేసిన బాలుని ప్రశ్నకు నేటికిని మేము సమాధానము చెప్పలేము. నాలుగు శతాబ్దముల వెనుకటి మేస్త్రీల పేర్లు ఎవరు తెచ్చి యియ్యగలరు? పోయినవి పోయినవే. కాని ఇకముందు పోకుండ చూచుట మన చేతిలోనిది. మా పాఠశాలలో ఇప్పు డొక పెద్ద నోటుపుస్తకము పెట్టితిమి. చేగుంటనుండి, చుట్టుపట్ల పల్లెలనుండి నగరమునకు పోయి గోడలు కట్టినవారి పేర్లు, కాలువలు త్రవ్వినవారి పేర్లు, ఎవరి ప్రాణమునైన కాపాడినవారి పేర్లు పిల్లలు తమ యిండ్లలో పెద్దల నడిగి తెచ్చి అందు వ్రాయుదురు. ఆ బాలుడు మా బడి విడిచి పై చదువునకు పోయి చాలకాల మైనది. పుస్తకము సంగతి విని సెలవులలో వచ్చి, మొదటి పుటలో తన తండ్రి పేరు వ్రాసెను. దానిక్రింద, ఆయన తట్ట మోసిన యిండ్లున్న వీథుల పేర్లు వరుసగా పదునొకండు వ్రాసెను.